రోగం కంటే ముందే ముదురుతున్న భయం

ఆసుపత్రులున్నా కేన్సర్ పరీక్షలకు జనం రాకపోవడానికి కారణాలేమిటి?

కోల్‌కతా: కేన్సర్‌కు ప్రత్యేక వైద్యశాల ఏర్పడిన తొలి భారతీయ నగరాల్లో కోల్‌కతా ఒకటి. దేశబంధు చిత్తరంజన్ దాస్ పేరిట నెలకొన్న కేన్సర్ ఆసుపత్రిని 1950 జనవరి 2న మేడమ్ క్యూరీ కుమార్తె, నోబెల్ బహుమతి గ్రహీత ఐరీన్ జోలియో క్యూరీ ప్రారంభించారు. అదే కాలక్రమంలో చిత్తరంజన్ జాతీయ కేన్సర్ సంస్థగా రూపొందింది. 1973లో శివారు ప్రాంతమైన ఠాకూర్‌పుకూర్‌లో మరో కేన్సర్ కేంద్రం, 2011లో రాజర్‌హాట్ న్యూటౌన్‌లో టాటా మెడికల్ సెంటర్ వెలిశాయి. 2022 జనవరిలో చిత్తరంజన్ సంస్థ రెండో ప్రాంగణం 460 పడకలతో ప్రారంభమైంది. తూర్పు, ఈశాన్య రాష్ట్రాల రోగులు దశాబ్దాలుగా ఈ నగరాన్నే ఆశ్రయిస్తున్నారు.

అయితే ఇన్ని సదుపాయాలున్న రాష్ట్రంలోనే, 2019-21 మధ్య జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 30 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భాశయ ముఖద్వార కేన్సర్ పరీక్ష జీవితంలో ఒక్కసారైనా చేయించుకున్నవారు ఒక శాతం కూడా లేరు. దేశం మొత్తం మీద కూడా ఈ సంఖ్య 1.9 శాతమే. రొమ్ము పరీక్ష విషయంలో అది 0.9 శాతం. తమిళనాడులో దాదాపు 10 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 5 శాతానికి కొంచెం తక్కువ, తెలంగాణలో 3 శాతానికి కొంచెం ఎక్కువ మంది మహిళలు ముఖద్వార పరీక్ష చేయించుకున్నట్లు అదే సర్వే తెలిపింది. ఇతర రాష్ట్రాలతో పోల్చి తెలుగు రాష్ట్రాలు సంతృప్తి పడవచ్చునేమో గాని, ప్రతి 100 మందిలో 95 మందికి పైగా పరీక్ష ముఖం చూడలేదన్నది వాస్తవం.

2022లో భారతదేశంలో కొత్తగా 14.1 లక్షల మంది కేన్సర్ బారిన పడ్డారని, 9 లక్షలకు పైగా మరణించారని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ అంచనా వేసింది. వీటిలో రొమ్ము, నోటి, గర్భాశయ ముఖద్వార కేన్సర్ల వాటా పెద్దది. ఈ మూడింటినీ ఖరీదైన యంత్రాలు లేకుండానే ముందుగా పసిగట్టే వీలుండటం గమనార్హం. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2016లో రూపొందించిన మార్గదర్శకాల ప్రకారం 30 ఏళ్లు దాటినవారికి ఈ మూడు కేన్సర్ల పరీక్షలను ఐదేళ్లకొకసారి ప్రాథమిక ఆరోగ్య స్థాయిలోనే జరపాలి. పరీక్ష ఉంది, చికిత్స ఉంది. మధ్యలో రావలసిన మనిషి మాత్రం రావడం లేదు.

రాకపోవడానికి చెప్పిన కారణాలు

ఈ ప్రశ్నకు సమాధానం వెదికే ప్రయత్నం కోల్‌కతాలోనే జరిగింది. ముఖద్వార కేన్సర్ పరీక్షలకు ఆహ్వానం అందుకుని వచ్చినవారితోనూ, అందుకుని కూడా రానివారితోనూ మాట్లాడి ఇక్కడి వైద్యులు జరిపిన అధ్యయనం 2006లో వెలువడింది. పరీక్ష ఉచితం, ఆహ్వానం ఇంటికే వెళ్లింది. అయినా కొందరు రాలేదు. ఇంటి పనులు వదిలి రాలేకపోవడం, కుటుంబ సమస్యలు, భర్త అంగీకరించకపోవడం, కేన్సర్‌ను బయటపెట్టే పరీక్ష అంటేనే జంకు రానివారు చెప్పిన కారణాల్లో ముఖ్యమైనవి.

ఈ జాబితాను కాస్త నిదానించి చూడాలి. ఇందులో 'కేన్సర్ అంటే తెలియదు' అన్న జవాబు కంటే 'తెలిస్తే భరించలేం' అన్న జవాబు బలంగా వినిపిస్తుంది. కనుక అజ్ఞానాన్ని తొలగిస్తే చాలునని భావించి గోడపత్రికలతోనూ, దినోత్సవాలతోనూ సరిపెట్టే ప్రచారం ఈ మహిళల వద్దకు చేరదు. భయపెట్టే ప్రచారమైతే వారిని మరింత దూరంగా నెట్టే ప్రమాదం కూడా ఉంది.

భర్త అనుమతి, ఇంటి పని అన్న కారణాలు నమ్మకాలకు సంబంధించినవి కావు. అవి ఇంటిలో స్త్రీ స్థానానికి సంబంధించినవి. తన ఒంట్లో బాగులేదని తేలితే తప్ప ఆసుపత్రికి వెళ్లడం ఆమెకు విలాసం కిందే లెక్క. ఆ వెళ్లడం కూడా పిల్లల పరీక్షలో, అత్తమామల అనారోగ్యమో, పొలం పనులో ముగిశాకే. రోజుకూలిపై బతికే కుటుంబంలో ఉచిత పరీక్షకు సైతం ఒక ధర ఉంటుంది. అది ఆ రోజు కూలి, బస్సు చార్జీ, వెంట వచ్చే మనిషి పోగొట్టుకునే మరో రోజు కూలి.

తెలుగు ఇళ్లలో వినవచ్చే మాటలు కూడా ఇందుకు భిన్నమైనవి కావు. 'గడ్డ నొప్పి లేదు కదా' అన్నది అందులో మొదటిది. రొమ్ము కేన్సర్ గడ్డ తొలి దశలో చాలావరకు నొప్పి పుట్టించదు. నొప్పి లేకపోవడమే ధైర్యమిచ్చి రోగిని ఇంట్లో కూర్చోబెడుతుంది. 'మా వంశంలో ఎవరికీ లేదు' అన్నది రెండో మాట. రొమ్ము కేన్సర్లలో వారసత్వంగా సంక్రమించే జన్యు లోపాల వల్ల వచ్చేవి 5 నుంచి 10 శాతమే. ముక్క తీసి పరీక్షిస్తే రోగం ఒళ్లంతా పాకుతుందన్న భయం మూడోది. ఆ ముక్క పరీక్ష లేనిదే రోగ నిర్ధారణే జరగదు. ముట్లుడిగిన తరువాత కనిపించే రక్తస్రావాన్ని, ఎడతెగని తెల్లబట్టను 'ఆడవాళ్లకు మామూలే' అని కొట్టిపారేయడం మరొకటి. పెళ్లికెదిగిన కూతురున్న తల్లి తన జబ్బు సంగతి బయటికి పొక్కనీయకపోవడమూ తెలియనిది కాదు.

అనుభవం నుంచే పుట్టిన నమ్మకం

'కేన్సర్ వస్తే చావే' అన్న నమ్మకాన్ని మూఢనమ్మకంగా కొట్టివేయడం సులభం. కాని ఒకప్పుడు అది కళ్లెదుటి సత్యం. 1886లో రామకృష్ణ పరమహంస గొంతు కేన్సర్‌తో ఈ నగరంలోని కాశీపూర్ ఉద్యానగృహంలో కన్నుమూశారు. ఆయనకు వైద్యం చేసిన డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ నాటి కలకత్తాలో పేరెన్నికగన్న వైద్యుడు. అయినా ఆనాడు ఏ వైద్య విధానంలోనూ ఆ రోగానికి విరుగుడు లేదు. ఎక్స్ కిరణాలు 1895లో, రేడియం 1898లో గాని లోకానికి తెలియలేదు. అటువంటి కాలంలో ముందు వెళ్లినా వెనక వెళ్లినా ఫలితం ఇంచుమించు ఒకటే.

నేటి పరిస్థితి అది కాదు. భారతదేశంలోని 11 ప్రాంతాల జనాభా ఆధారిత కేన్సర్ నమోదు కేంద్రాల సమాచారంతో 2024లో వెలువడిన విశ్లేషణ ప్రకారం, రొమ్ము కేన్సర్ పుట్టిన చోటనే ఉన్న దశలో చికిత్స పొందినవారిలో 81 శాతం మంది ఐదేళ్లు దాటి జీవించారు. సమీప భాగాలకు పాకిన దశలో ఇది సుమారు 65 శాతం. దూర అవయవాలకు వ్యాపించిన తరువాత 18 శాతం మాత్రమే. అదే రోగం, అదే దేశం. తేడా అంతా వచ్చిన సమయంలో ఉంది.

మరి మన ఆసుపత్రులకు రోగులు ఏ దశలో వస్తున్నారు? 2020లో వెలువడిన జాతీయ కేన్సర్ నమోదు కార్యక్రమ నివేదిక ప్రకారం రొమ్ము కేన్సర్ రోగుల్లో 57 శాతం, ముఖద్వార కేన్సర్ రోగుల్లో 60 శాతం, తల, మెడ భాగాల కేన్సర్ రోగుల్లో దాదాపు 67 శాతం మంది రోగం సమీప భాగాలకు విస్తరించిన తరువాతే వైద్యం మొదలుపెట్టారు.

విషవలయం ఇక్కడే ఉంది. ఆలస్యంగా వచ్చినవారు ఎక్కువ మంది మరణిస్తారు. ఆ మరణాన్ని వీధి మొత్తం చూస్తుంది. తొలి దశలో వచ్చి నయమైనవారు ఆ సంగతి బయటకు చెప్పుకోరు. పెళ్లి సంబంధాలు, ఇరుగుపొరుగు మాటలు, ఉద్యోగం వారి నోరు కట్టేస్తాయి. ఆ విధంగా వీధికి కనిపించేవి చావులే తప్ప నయమైన ప్రాణాలు కావు. చూసిన దానిని బట్టి జనం ఏర్పరచుకున్న అభిప్రాయం మరికొందరిని ఆలస్యం చేయిస్తుంది. వారి మరణం ఆ అభిప్రాయాన్ని ఇంకా గట్టిపరుస్తుంది. ఈ వలయాన్ని ఎక్కడో ఒకచోట తెంచకుండా ఆసుపత్రుల్లో పడకలు ఎన్ని పెంచినా అవి ముదిరిన రోగులతోనే నిండుతుంటాయి.

అలవాటుకు అండగా నమ్మకం

నివారణ విషయంలో నమ్మకాల పాత్ర మరో విధంగా ఉంటుంది. 2016-17 నాటి ప్రపంచ వయోజన పొగాకు సర్వే ప్రకారం దేశంలో 28.6 శాతం మంది పెద్దలు ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతుండగా, పశ్చిమ బెంగాల్‌లో ఆ సంఖ్య 33.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 20, తెలంగాణలో సుమారు 18 శాతం. బెంగాల్లో పాన్‌తో జర్దా, పళ్లకు రుద్దే గుల్ అనే పొగాకు పొడి వాడకం విస్తారం. గుల్ రుద్దితే పంటినొప్పి తగ్గుతుందని, పళ్లు గట్టిపడతాయని నమ్మి స్త్రీలు సైతం ఆ అలవాటులో పడతారు. నికోటిన్ వల్ల కలిగే తాత్కాలిక ఉపశమనం మందులా తోచి, చివరకు వ్యసనంగా మారుతుంది. రాష్ట్ర ప్రభుత్వం 2013లో గుట్కాను నిషేధించింది గాని, మసాలాను, పొగాకును విడివిడి పొట్లాలుగా అమ్మే పద్ధతి అటువంటి నిషేధాలకు దేశమంతటా తూట్లు పొడిచింది.

ఉత్తరాంధ్రలోని అడ్డపొగ ఇటువంటిదే. నిప్పున్న కొసను నోటిలో పెట్టుకుని చుట్ట తాగే ఈ అలవాటు శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల పల్లెల్లో, ముఖ్యంగా స్త్రీలలో, తరతరాలుగా ఉంది. గాలికి చుట్ట ఆరిపోకుండా, బూడిద రాలకుండా ఉంటుందన్నది వాడుకలో ఉన్న సమర్థన. ఇతర ప్రాంతాల్లో అరుదైన అంగిలి కేన్సర్ ఇక్కడ ఎక్కువగా కనిపించడం 1940లలోనే వైద్యుల దృష్టికి వచ్చింది. 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి అంగిలిపై మచ్చలకు, ఈ అలవాటుకు గల సంబంధాన్ని వివరించిన అధ్యయనం 1971లో ప్రచురితమైంది. దశాబ్దాల నాడే కారణం తెలిసినా అలవాటు వెంటనే పోలేదు. తల్లి తాగింది, అత్త తాగింది, వారు బతికారు కదా అన్న వాదన ముందు పరిశోధన ఫలితం బలహీనపడింది.

బీడీ విషయంలో నమ్మకానికి ఆర్థిక బలం కూడా తోడవుతోంది. ఆకులో చుట్టింది గనుక సిగరెట్ కంటే మేలన్న భావన దేశమంతటా ఉంది. వాస్తవానికి బీడీ పొగలో తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్‌కు ఏమాత్రం తీసిపోవు. అయితే ముర్షిదాబాద్‌లోనూ, నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లోనూ లక్షలాది మహిళలకు బీడీలు చుట్టడమే జీవనాధారం. 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ మండలి సిగరెట్లు, గుట్కా, జర్దాలను 40 శాతం పన్ను శ్రేణికి చేర్చాలని నిర్ణయించి, బీడీలపై పన్నును మాత్రం 28 నుంచి 18 శాతానికి తగ్గించింది. కార్మికుల ఉపాధి దృష్ట్యా దీనికి సమర్థన ఉండవచ్చు. కాని బీడీ అంత హానికరం కాదన్న అపోహకు పన్నుల పట్టిక కూడా వత్తాసు పలికినట్లయింది.

భయాన్ని సొమ్ము చేసుకోవడం

భయం అందరినీ ఆసుపత్రికి దూరం చేయదు. కొందరిని అనవసరమైన శస్త్రచికిత్సకు తరుముతుంది. ఐదో కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు జాతీయస్థాయిలో సుమారు 3 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో సుమారు 8 శాతం. పరీక్ష చేయించుకున్నవారి కంటే గర్భసంచి తీయించుకున్నవారే ఎక్కువన్న మాట. తెల్లబట్ట, నడుము నొప్పి వంటి ఫిర్యాదులతో వెళ్లిన మహిళకు 'ఉంచితే కేన్సర్ కావచ్చు' అన్న ఒక్క మాట చాలు. చిన్న పరీక్షతో తేలిపోయే అనుమానాన్ని పెద్ద ఆపరేషన్‌తో తీర్చుకోవడం ఆరోగ్యానికే కాక కుటుంబ ఆర్థిక స్థితికీ దెబ్బ. పరీక్షలు లేని చోట భయానికి మిగిలే దారులు రెండే. ఒకటి దాక్కోవడం, రెండోది కత్తికి తల ఒగ్గడం.

వ్యవస్థలపై విశ్వాసం కూడా నమ్మకాల్లో భాగమే. ముఖద్వార కేన్సర్‌కు కారణమైన హెచ్‌పీవీ వైరస్‌ను నిరోధించే టీకాపై 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో ప్రయోగాత్మక కార్యక్రమం మొదలైంది. టీకా తీసుకున్న కొందరు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో దానిని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ సంఘం తేల్చింది. అయితే తల్లిదండ్రుల సమ్మతి లేకుండా గిరిజన వసతిగృహాల వార్డెన్ల సంతకాలతో టీకాలు వేయడం వంటి లోపాలు బయటపడ్డాయి. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

టీకా దోషి కాకపోయినా, అడగకుండా వేసిన తీరు జనంలో అనుమానాన్ని నాటింది. దీనికి భిన్నంగా సిక్కిం 2018లో పాఠశాలల ద్వారా, తల్లిదండ్రులకు ముందుగా వివరించి ఇదే టీకాను ప్రవేశపెట్టి 95 శాతానికి పైగా బాలికలకు అందించగలిగింది. టీకా ఒకటే, దేశం ఒకటే. జనంతో మాట్లాడిన తీరు వేరు. 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్ ప్రసంగంలో 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని కేంద్రం ప్రకటించింది. ఆ పని చేపట్టే యంత్రాంగానికి ఖమ్మం, సిక్కిం రెండూ పాఠాలే.

గడప దాకా వెళితే వస్తారు

జనం రారన్నది మార్పు లేని సత్యమేమీ కాదు. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో, అంటే నేటి ధారాశివ్‌లో, 30 నుంచి 59 ఏళ్ల గ్రామీణ మహిళలు లక్షా 31 వేల మందికి పైగా పాల్గొన్న అధ్యయనం ఫలితాలు 2009లో వెలువడ్డాయి. హెచ్‌పీవీ పరీక్షకు ఎంపికైన మహిళల్లో దాదాపు ఐదింట నాలుగు వంతుల మంది పరీక్షకు వచ్చారు. ఒక్కసారి జరిపిన ఆ పరీక్ష వల్ల ముఖద్వార కేన్సర్ మరణాలు సగానికి తగ్గాయి. వారిలో ఎక్కువ మంది పెద్దగా చదువుకోని పల్లె స్త్రీలు. వారికీ సిగ్గు, ఇంటి పని, భర్త అన్నీ ఉన్నాయి. అయినా పరీక్ష తమ ఊళ్లకే రావడం, ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి వివరించడం తేడా తెచ్చాయి.

ముంబై మురికివాడల్లో 1998లో టాటా మెమోరియల్ ఆసుపత్రి ప్రారంభించిన కార్యక్రమంలో పదో తరగతి చదివిన స్థానిక మహిళలకు కొద్ది వారాల శిక్షణ ఇచ్చి పరీక్షలు జరిపించారు. ఎసిటిక్ ఆమ్లం పూసి కంటితో చూసే పరీక్ష వల్ల ముఖద్వార కేన్సర్ మరణాలు 31 శాతం తగ్గినట్లు, చేతితో జరిపే రొమ్ము పరీక్ష వల్ల 50 ఏళ్లు దాటిన మహిళల్లో ఆ కేన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గినట్లు తేలింది. అంతకంటే చిన్న వయసువారిలో రొమ్ము పరీక్ష వల్ల మరణాలు తగ్గలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. కేరళలో నోటిని కంటితో పరీక్షించిన అధ్యయనంలో పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి కేన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి.

కోల్‌కతా చుట్టుపక్కల గ్రామాల్లో చిత్తరంజన్ సంస్థ కూడా సుమారు 40 వేల మంది మహిళలకు ముఖద్వార పరీక్షలు జరిపి, వాటి ఫలితాలను 2015లో వెల్లడించింది. అంటే చేయగల శక్తి ఈ నగరానికి లేకపోలేదు. అధ్యయనం జరిగినంత కాలం నడిచిన ఏర్పాటు, అది ముగిశాక ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల నిత్యకృత్యంగా మారకపోవడమే లోపం.

బీమా ఉన్నా ముందడుగు లేదు

ప్రభుత్వాల ఖర్చు ఎక్కడ మొదలవుతున్నదో చూస్తే ఈ లోపం మరింత స్పష్టమవుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదలకు కార్పొరేట్ వైద్యాన్ని అందుబాటులోకి తెచ్చింది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2016లో స్వాస్థ్య సాథీ పేరిట కుటుంబానికి ఏటా రూ. 5 లక్షల వరకు వైద్య రక్షణ ప్రకటించింది. ఇవి వేలాది కుటుంబాలను అప్పుల ఊబి నుంచి కాపాడాయనడంలో సందేహం లేదు. కాని ఇటువంటి పథకాల సాయం ప్రధానంగా రోగి ఆసుపత్రిలో చేరిన తరువాత అందుతుంది. రోగం లేదని తేల్చుకోవడానికి వచ్చే మనిషికి వాటిలో దక్కేది తక్కువ. ముదిరిన రోగానికి లక్షలు చెల్లించే ఖజానా, రోగం ముదరకుండా చూసే ఆశా కార్యకర్త పారితోషికం వద్ద, పరీక్ష జరిపే నర్సు ఖాళీ భర్తీ వద్ద లెక్కలు వేస్తున్నది.

పరీక్షలు పెంచినంత మాత్రాన పని పూర్తి కాదు. అనుమానం ఉందని చెప్పి, తరువాతి పరీక్షకు ఎక్కడికి వెళ్లాలో చెప్పకుండా వదిలివేస్తే ఆ మహిళ భయం రెట్టింపవుతుంది. ఆమెను చూసిన పదిమంది మరి రారు. కనుక పరీక్ష జరిగిన రోజునే తదుపరి ఆసుపత్రి పేరు, తేదీ, వెళ్లే దారి రాసివ్వడం, అవసరమైతే కార్యకర్త వెంట వెళ్లడం పరీక్షలో భాగం కావాలి. మహిళా సిబ్బంది, చాటు ఉన్న గది, కూలి పోని వేళలు ఏర్పాటు చేయడానికి కొత్త పరిశోధనలేవీ అక్కరలేదు. భర్తతోనూ, అత్తగారితోనూ ముందుగా మాట్లాడటం కూడా కార్యకర్త విధుల్లో చేరాలి.

అన్నిటి కంటే ముఖ్యంగా, నయమైనవారు కనిపించాలి. ఊళ్లో కేన్సర్‌తో పోయినవారి పేర్లు అందరికీ తెలుసు, తొలి దశలో పట్టుబడి పదేళ్లుగా సంసారం చేసుకుంటున్న మనిషి పేరు ఎవరికీ తెలియదు. ఇష్టపడి ముందుకు వచ్చే అటువంటివారు పరీక్షా శిబిరంలో పక్కన కూర్చుని చెప్పే నాలుగు మాటలు ఎన్నో ప్రకటనలకు సాటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఆమోదించిన వ్యూహం ప్రకారం 2030 నాటికి 70 శాతం మహిళలకు 35 ఏళ్ల వయసులో ఒకసారి, 45 ఏళ్ల వయసులో మరోసారి నాణ్యమైన ముఖద్వార పరీక్ష జరగాలి. 1.9 శాతం వద్ద నిలిచిన సర్వే అంకె నుంచి ఆ లక్ష్యం చాలా దూరం. ఆ దూరాన్ని తగ్గించే బాధ్యతను జనం నమ్మకాలపై నెట్టివేయడానికి ముందు, వారి గడప దాకా ఎన్నిసార్లు వెళ్లామన్న ప్రశ్నకు ఆరోగ్య శాఖలు జవాబు చెప్పవలసి ఉంటుంది.